దిగేది లేదండీ

నలభై నిమిషాలు. మనిషికి నూట ఎనభై.
కాఫీ, పేస్ట్రీ అందులోనే.
టిక్కెట్టు చింపి ఇస్తూ కుర్రాడన్నాడు,
"నీడ వైపు కూర్చోండి మేడం."
ఈ రేవులో నీడ ఏ వేళకి ఏ వైపు వాలుతుందో
ఇరవై ఆరేళ్ళు ఎరిగినదాన్ని.
అయినా సరే బాబూ అన్నాను.

నరసాపురంలో ఇది కొత్త పడవ. తెల్ల రంగు,
ఎర్ర కుర్చీలు, కడ్డీలకి ప్లాస్టిక్ పూలు.
పద్మశాంతి ఒక చేత్తో నా భుజం పట్టుకుంది,
ఇంకో చేత్తో తన చెప్పులు.
"విప్పక్కర్లేదే, బురద లేదిక్కడ."
"నీళ్ళ మీదకి పోతూ చెప్పులేమిటే" అంది,
ఇంకా డ్యూటీలో ఉన్న నర్సులా.

ఇంజను రెండుసార్లు దగ్గింది.
రేవు వెనక్కి నడిచింది.
నా చెయ్యి దానంతటదే ఒళ్ళోకి పోయి
లేని పెట్టెని అదిమి పట్టుకుంది.

బుధవారం, శనివారం
ఆ నీలం పెట్టెతో పంటి ఎక్కేదాన్ని.
సఖినేటిపల్లిలో దిగి, సైకిలు మీద లంకల్లోకి.
ఐసు నీరయ్యేలోపు
పసిపిల్లల తొడలన్నీ దొరకాలి,
దాక్కున్న తల్లులు బయటికి రావాలి.
గోదారి ఎర్రగా ఉందో పచ్చగా ఉందో
ఎవరు చూశారు?
చూసిందల్లా అవతలి గట్టు,
ఎంత దగ్గరికొచ్చిందీ అని.
నాకు నది అంటే
ఆలస్యం.

ఇవాళ అవతలి గట్టు రావడం లేదు.
పడవ నడిమధ్యన మెడ తిప్పి
అంతర్వేది వైపు ఊరికే పోతోంది.
పోటు నీళ్ళు ఎదురొస్తున్నాయి,
గుర్రపుడెక్క ముద్దలు తలకిందులుగా
ఊరికి తిరిగి పోతున్నాయి.
కడ్డీ మీద చెయ్యి పెడితే ఉప్పు.

"ఎక్కడ దిగాలి బాబూ?" నోరు జారాను.
"దిగేది లేదండీ. తిప్పి తెచ్చేస్తాం."

పద్మశాంతి నవ్వి నవ్వి
కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

అప్పుడు తెచ్చాడు కుర్రాడు
నీలం పెట్టె.
అదే సైజు. అదే పట్టీ.
మూత తీస్తే ఐసు మధ్యన
పేస్ట్రీలు, ఒక్కోదాని నెత్తిన ఎర్ర చెర్రీ.
ఆ ఐసు దిమ్మని చెవి దగ్గర ఊపాలనిపించింది.
లోపల నీళ్ళు కదిలిన చప్పుడైతేనే
మందు సీసాలు సర్దేవాళ్ళం.
ఇన్నేళ్ళలో నేను ఆగి విన్న నీటి చప్పుడు
అదొక్కటే.

పెట్టె ఎత్తినప్పుడు అతని చొక్కా చెయ్యి జారి
ఎడమ భుజం మీద
చింతగింజంత మచ్చ కనిపించింది.
నా సూదిదో, ఇంకెవరిదో.
అడగలేదు.

క్రీము నోట్లో ఉన్నట్టూ లేనట్టూ పోయింది.
"దీనికంటే మడత కాజా నయం" అంది పద్మశాంతి,
అని, అట్టపెట్టె మూలలు కూడా చెంచాతో గీకింది.
కాఫీలో పంచదార ఎక్కువ.
గాలికి కాగితం కప్పు ఎగరకుండా
రెండు చేతులా పట్టుకుని తాగాను.
రెండు చేతులూ ఖాళీగా ఉండి
కాఫీ తాగడం నీళ్ళ మీద ఇదే మొదలు.

తిరిగొస్తుంటే పంటి మాకు అడ్డంగా దాటింది:
మోటారు సైకిళ్ళు, రెండు మేకలు, సిలిండర్ల ఆటో,
స్కూలు యూనిఫారంలో ఒక పిల్ల.
మా పడవలో అందరూ చేతులూపారు.
అటునుంచి ఎవరూ ఊపలేదు.
పొగరనుకుంది మా వెనక సీటావిడ.
కాదమ్మా,
పంటి మీద చేతులు ఖాళీగా ఉండవు.
సంచీ పట్టుకున్న ఒకామె మాత్రం
మమ్మల్ని దాటి, మా వెనకున్న గట్టునే చూస్తోంది.
ఆ చూపు నాకు తెలుసు.
నేను ఊపబోయిన చెయ్యి దించేశాను.

ఎక్కిన చోటే దించారు.
పద్మశాంతి చెప్పులు తొడుక్కుంటూ
"ఇంతకీ ఎక్కడికెళ్ళొచ్చామే?" అంది.
నేను చేతిలో ఖాళీ అట్టపెట్టెతో
చెత్తబుట్ట కోసం వెతుకుతున్నాను.
నేల ఇంకా కొంచెం ఊగుతోంది.